ఇంటి చదువు: రెండు వందల ఏళ్ళ నాటి ఒక లెక్క

పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించుకోవడం అమెరికా నుండి దిగుమతి అయిన వింత అని మనలో చాలామంది అభిప్రాయం. జాన్ హోల్ట్ 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ అనే పత్రికను స్థాపించి అక్కడ ఈ ఆలోచనకు ఊపు తెచ్చిన మాట నిజమే. అయితే అంతకు నూటయాభై ఏళ్ళ పూర్వమే చెన్నపట్టణపు రాజధానిలో ఇంటి చదువు సర్కారు లెక్కలకెక్కింది. ఆ లెక్కలలో మన గోదావరి సీమ అంకెలు కూడా ఉన్నాయి గనుక వాటిని చదువరుల ముందు ఉంచడానికే ఈ టపా.

1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రతి జిల్లాలోను బడులెన్ని, చదివేవారెందరు, వారు ఏ కులాలవారు అని విచారించి పంపవలసిందిగా కలెక్టర్లను కోరాడు. ఆ జవాబులను ధరంపాల్ 1983లో ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ అనే గ్రంథంలో ప్రచురించారు. రాజమహేంద్రవరం జిల్లాలో 291 బడులు, వాటిలో 2,658 మంది విద్యార్థులు. ఇవి కాక శాస్త్రాలు చెప్పే ఉన్నత విద్యాస్థానాలు 279, అక్కడ చదివేవారు 1,454 మంది. ఈ రెండో లెక్కను భాగించి చూడండి: గురువొక్కరికి అయిదుగురు శిష్యులు. కలెక్టరు కచేరీ కాగితాలలో ‘కాలేజి’ అని పేరుపడినది నిజానికి ఒక పండితుని ఇంటి అరుగు అన్నమాట.

1826 మార్చి 10న మన్రో వ్రాసిన వ్యాఖ్య మరీ ఆసక్తికరం. బడి ఈడు మగపిల్లలలో నాలుగోవంతు మంది బడులలో ఉన్నట్టు లెక్క తేలింది. కాని చెన్నపట్టణం నుండి వచ్చిన నివేదికలో ఇంటివద్ద చదివేవారు 26,963 మంది ఉన్నారు. అంటే బడికి పోయేవారికి సుమారు అయిదింతలు! ఈ అంకెలో పొరపాటుండవచ్చునని మన్రోయే అనుమానించాడు. అయినప్పటికీ, బంధువుల వద్దనో సొంత ఉపాధ్యాయుల వద్దనో పిల్లలు ఇంట చదువుకోవడం ఈ దేశంలో ఎక్కడా అరుదు కాదు గనుక, చదివేవారు నాలుగోవంతు కన్న మూడోవంతుకు దగ్గరగా ఉంటారని తీర్మానించాడు.

ఇంతవరకు చదివి మన పూర్వుల ఘనతకు పొంగిపోవచ్చు. నేనూ పొంగిపోయినవాడినే. కాని అదే పట్టికలో మరొక అంకె ఉంది. రాజమహేంద్రవరం జిల్లాలోని 2,658 మందిలో ఆడపిల్లలు 37 మంది. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఇంకొక చేదు నిజం చెబుతుంది: పేదల ఇళ్ళలో పిల్లల లేత చేతులు పనికి వంగే వయసు రాగానే వారి శ్రమ ఇంటికి అవసరమౌతున్నదని, చదువు ఖర్చు భరించే శక్తి వారికి లేదని. చదువు చెప్పే ఇల్లు కావాలంటే ఆ ఇంట అక్షరం వచ్చిన మనిషి ఉండాలి, ఆ మనిషికి తీరిక ఉండాలి, పిల్ల కూలికి పోకుండా ఇల్లు గడవాలి. ఈ మూడూ ఉన్న గడపలు ఎన్ని?

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి, మెట్రిక్యులేషను పరీక్ష ఉద్యోగానికి ద్వారమయ్యాక మగపిల్లల ఇంటి చదువుకు విలువ తరిగింది. ఆడపిల్లలకు మాత్రం చాలాకాలం ఇల్లే బడి. వీరేశలింగం పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టారు. ఆ ఏడాదే నందిగామలో పుట్టిన భండారు అచ్చమాంబ ఏ బడికీ వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకుంది. తరువాత మరికొన్ని భాషలు సాధించి, 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వెలువరించింది. 1902లో మా ఏలూరు నుండే సత్తిరాజు సీతారామయ్యగారు ‘హిందూసుందరి’ మాసపత్రిక ఆరంభించారు. ఇల్లు కదలని స్త్రీలకు అటువంటి పత్రికలే వాచకాలు. అచ్చమాంబ ప్రతిభ గొప్పదే. కాని తమ్ముడికి చదువు చెప్పించే ఇల్లు కావడం ఆమె అదృష్టం.

ఈ సంగతి నాకు పుస్తకాలకన్న 2020లో బాగా బోధపడింది. కరోనాతో బడులు మూతపడి, మా జంగారెడ్డిగూడెంలో నెలల తరబడి మనవడికీ మనవరాలికీ నేనే పంతులునయ్యాను. తాతయ్య పంతులైతే క్రమశిక్షణ నిలవదు. పదిగంటల పాఠం పదకొండుకు మొదలయ్యేది, వంటింట్లో పోపు వాసన రాగానే ముగిసేది. సాటి పిల్లలు లేక ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకొనేవారు. లాభమూ లేకపోలేదు. మా మెట్టలో పామాయిలు తోట ఎటు చూసినా కనిపిస్తుంది. తొమ్మిది మీటర్ల ఎడంతో ఎకరానికి 57 మొక్కలు. మూడున్నర ఎకరాలకు ఎన్ని అంటే, భిన్నాలంటే భయపడే పిల్ల తోట గట్టున నిలబడి చెప్పేసింది. పుస్తకంలో అంతుపట్టని లెక్క చేలో అంతుపట్టింది.

మా ఇంట పనిచేసే ఆమె వెంట ఆమె కూతురు వచ్చేది. ఆన్‌లైను పాఠాలు వినడానికి వారింట ఫోను లేదు. రెండు రోజులు గడప దగ్గర కూర్చుని విని, మూడోనాడు “తాతగారూ, నాకూ ఒక లెక్క ఇవ్వండి” అంది. ఆ తరువాత ముగ్గురికీ కలిపే చెప్పాను. బడి తెరిచాక మా పిల్లలకు ఆ నెలలు తీపి గుర్తుగా మిగిలాయి. ఆ పిల్లకు మాత్రం బడి తెరవడమే ఊపిరి.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు మొదలు పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత విద్యను హక్కుగా చేసింది. పద్నాలుగేళ్ళు నిండాక సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాసే దారీ ఉంది. కనుక ఇంట చదివించుకోగల మిత్రులు నిశ్చింతగా చదివించుకోవచ్చు. చెప్పేవారికి ఓపిక, వినేవారికి తోడు దొరికితే అది చక్కని చదువే. మన సీమకు కొత్తదీ కాదు. ఒక్కటే మనవి. మన ఇంటి చదువు బాగుందని ఊళ్ళోని బడి అక్కరలేదనకండి. మన్రో పట్టికలోని ఆ 37 ఇన్నేళ్ళలో పెరిగిందంటే, పండితుని అరుగుకన్న ఆ బడి తలుపు వెడల్పు కావడం వల్లనే.