షోలాపూరు బిడ్డ – చైనా డాక్టరు

మన పెద్దలు బ్రతుకుతెరువు కొరకు తెలంగాణా పల్లెలు విడిచి షోలాపూరు మగ్గముల వద్దకు వచ్చినారు. ఇదే ఊరిలో పుట్టిన ఒక మరాఠీ యువకుడు పరుల ప్రాణములు కాపాడుటకు చైనా వెళ్లి, ఆ మట్టిలోనే కలిసిపోయినాడు. ఆయనే డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్.

కోట్నీస్ గారు 1910 అక్టోబరు 10వ తేదీన జన్మించి, బొంబాయిలో వైద్యము చదివినారు. 1937లో జపాను చైనాపై దండెత్తినది. చైనా సేనాని జూ దే నెహ్రూ గారికి జాబు వ్రాసి వైద్య సహాయము కోరినారు. కాంగ్రెసు అధ్యక్షులు సుభాస్ చంద్రబోసు గారి పూనికతో 1938లో అయిదుగురు డాక్టర్లు ఓడ ఎక్కినారు. వారిలో కోట్నీస్ ఒకరు. చైనాలో ఉండగానే తండ్రి మరణవార్త అందినది. అయినను ఆయన పని విడిచి రాలేదు.

1939లో ఆయన ఎనిమిదవ రూటు సైన్యములో చేరినారు. అక్కడ మందులకు కరవు, పరికరములకు కరవు. గాయము చీము పట్టకముందే చికిత్స జరుగవలెనన్న, డాక్టరే యుద్ధభూమి దగ్గరకు పోవలెను. 1940లో ఒక పోరాట సమయమున కోట్నీస్ 72 గంటలు నిద్ర లేకుండ శస్త్రచికిత్సలు చేసినారు. 1941లో బెథూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి అధిపతి అయినారు. గాయపడినవారికి సేవ చేయుచు 1939లో మరణించిన కెనడా సర్జను నార్మన్ బెథూన్ పేరు ఆ ఆసుపత్రికి పెట్టినారు.

భాష తెలియని వైద్యునికి రోగి బాధ సగమే తెలియును. అందుచేత కోట్నీస్ చైనా భాష నేర్చి, ఆ భాషలోనే విద్యార్థులకు పాఠములు చెప్పినారు. 1941లో నర్సు గువో చింగ్‌లాన్‌ను వివాహమాడినారు. 1942లో పుట్టిన కుమారునికి యిన్‌హువా అని పేరు. ‘యిన్’ అనగా ఇండియా, ‘హువా’ అనగా చైనా. ఆ సంవత్సరమే డిసెంబరు 9న మూర్ఛవ్యాధితో కోట్నీస్ కన్నుమూసినారు. అప్పటికి ఆయన వయస్సు 32 ఏండ్లు. తోటి నలుగురు డాక్టర్లు స్వదేశము చేరినారు, ఆయన రాలేదు. కుమారుడు కూడ వైద్యము చదువుచు 1967లో మరణించుట మిక్కిలి విచారకరము.

మన పిల్లలు వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు మాట్లాడుదురు. ఏ ఊరివాడవని ఎవరైన అడిగిన తడబడుదురు. తడబడనవసరము లేదు. ఉన్నచోటి భాష నేర్చి, అచ్చటివారి కష్టములో నిలిచినవాడు పరాయివాడు కాడు. పుట్టిన ఊరికి దూరమైనవాడు కూడ కాడు. కోట్నీస్ గారికి చైనాలో షిజియాజువాంగ్ నగరమున సమాధి గలదు, షోలాపూరులో స్మారకము గలదు. రెండు ఊళ్లును ఆయనను తమవాడే అనుచున్నవి.

ఈ ఉగాది నాడు మన పిల్లలకు ఆ స్మారకము చూపించి, ఆయన కథ తెలుగులో చెప్పుదము.