హారియెట్ మార్టినో అర్థశాస్త్రకథలు: ముద్రణ విక్రయ చరిత్రము

ఆడం స్మిత్ 1776వ సంవత్సరమునఁ దన మహాగ్రంథమును బ్రకటించిన పిమ్మట స్వేచ్ఛావాణిజ్యసిద్ధాంతము పండితులకుఁ బరిచితమయ్యెను గాని సామాన్యజనుల యిండ్లకుఁ జేరలేదు. గ్రంథము దీర్ఘము, విషయము కఠినము. ఈ కొఱఁతను దీర్చుటకై 1816లో జేన్ మార్సెట్ అను విదుషి అర్థశాస్త్రమును సంభాషణరూపమున వ్రాసెను. పిదప నాశాస్త్రమునే కథలుగా మార్చి నెలనెల సంచికలుగా విక్రయించి పేరు వడసినది హారియెట్ మార్టినో. ఆ కథలు వెలువడిన విధము పుస్తకవాణిజ్యచరిత్రమున గమనింపఁదగినది.

మార్టినో 1802లో ఇంగ్లండునందలి నార్విచ్ నగరమున నొక వస్త్రవ్యాపారి యింటఁ బుట్టెను. ఆమెకు బాల్యమునుండియుఁ జెవుడు. తండ్రి 1826లో మరణించెను. 1829లో ఆ వ్యాపారము దివాలా తీయుటచేఁ గుటుంబమునకు జీవనాధారము పోయెను. ఆమె కుట్టుపని చేయుచు, రాత్రులు వ్రాయుచు జీవనము గడపెను. 1827లో మార్సెట్ పుస్తకమును జదివినప్పుడే, శాస్త్రసూత్రములను మనుష్యుల జీవితఘటనలచేఁ జూపవచ్చునను తలంపు ఆమెకుఁ గలిగియుండెను.

1831లో ఆమె లండను ప్రకాశకులను వరుసగా నాశ్రయించెను. పార్లమెంటు సంస్కరణపు బిల్లు కలవరమొకవైపు, కలరా భయమొకవైపు నుండఁగా నిట్టి పుస్తకములు కొనువారెవ్వరని వారు బదులు చెప్పిరి. ఉపయుక్తజ్ఞానమును వ్యాపింపఁజేయుటకై యేర్పడిన సంఘము సయితము నిరాకరించెను. తుదకుఁ జార్లెస్ ఫాక్స్ అంగీకరించెను గాని యాతని నిబంధనలు కఠినములు. ముందుగా 500 మంది చందాదారులు చేరవలెను. మొదటి పక్షమునందు 1,000 ప్రతులు చెల్లనియెడల రెండు సంచికలతో నిలిపివేయవలెను. లాభమున సగము ప్రకాశకునిది. కథారూపము తగదని జేమ్స్ మిల్ చెప్పఁగా ఫాక్స్ మఱింత జంకెను. రచయిత్రి మాత్రము తన మార్గమును విడువక, ప్రకటనపత్రములను స్వంత వ్యయముతోఁ బార్లమెంటు సభ్యులకుఁ బంపెను.

మొదటి సంచిక 1832 ఫిబ్రవరిలో వెలువడెను. ముద్రించినవి 1,500 ప్రతులు. పది దినములకు ఫాక్స్ వ్రాసిన జాబు వచ్చెను. ప్రతులు దాదాపుగాఁ జెల్లిపోయినవనియు, మఱి 2,000 అచ్చొత్తింపఁదలఁచితిననియు నందుఁ గలదు. దాని క్రింద 3,000 కావలెనని యొక చేర్పు. తరువాత 4,000 అని వేఱొకటి. చివరకు 5,000 అని యింకొకటి. కొలఁదికాలమునకే ప్రతిమాసము సుమారు 10,000 ప్రతులు చెల్లుచు వచ్చెను. 1834 నాఁటికి 25 సంచికలు పూర్తియయ్యెను.

ప్రతికథకును జివర నందలి సూత్రములు సంగ్రహింపఁబడెను. డెమెరారా కథ బానిసల శ్రమకంటె స్వతంత్రుల శ్రమయే లాభకరమని చెప్పెను. 1833లో వెలువడిన సింహళద్వీపకథ దాల్చినచెక్క వ్యాపారమునందలి గుత్తహక్కును ఖండించెను. మాంచెస్టరు కార్మికుల కథ సమ్మెలచేఁ గూలిరేట్లు నిలువవని బోధించెను.

ఇచట విచారింపఁదగిన విషయమొకటి కలదు. సామాన్యజనులకై వ్రాసిన యీ సంచిక వెల యొకటిన్నర షిల్లింగు. అది యాకాలపు వ్యవసాయకూలికి నించుమించుగా నొకదినపు సంపాదన. కావున వీనిని విశేషముగాఁ గొన్నవారు మధ్యతరగతివారును, శాసనకర్తలును. బ్రూమ్ ప్రభువు ప్రోత్సాహమున నామె 1833, 1834 సంవత్సరములలో బీదల సహాయచట్టమును గూర్చియుఁ గథలు వ్రాసెను. 1834లో వెలసిన నూతనశాసనము శరీరశక్తి గల నిరుపేదలకు శ్రమాలయమే శరణ్యమను పద్ధతిని బలపఱచెను. బోధ యెవరి కుద్దేశింపఁబడెనో వారు దానిని గొనఁజాలకపోయిరి; కొన్నవారు దానిని శాసనములకుఁ దోడు చేసికొనిరి.

మార్టినో 1855లో స్వీయచరిత్రమును వ్రాసెను. అది 1876లో నామె మరణించిన పిదప 1877లోఁ బ్రకటితమయ్యెను. తాను బోధించిన యర్థశాస్త్రము నిజముగా శాస్త్రమనఁదగినది కాదని యామె యందుఁ జెప్పుకొనెను. కథలు వేలకొలఁదిగాఁ జెల్లుట వాని జనాదరమునకు సాక్ష్యమేగాని, యందలి సిద్ధాంతములకుఁ బ్రమాణము కాదని రచయిత్రియే యీవిధమున నంగీకరించినట్లయ్యెను.