శ్రీపెరుంబుదూర్: బహుళజాతి కంపెనీల ఉపాధి ఎంత స్థిరం?

రాజీవ్ గాంధీ హత్యతో దేశానికి తెలిసిన శ్రీపెరుంబుదూర్, ఆ తర్వాత చెన్నై పరిసరాల్లో బహుళజాతి కంపెనీల కేంద్రంగా మారింది. సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో 1998లో హ్యుందాయ్ కార్ల తయారీ మొదలైంది. 2006లో నోకియా, 2007లో శామ్‌సంగ్ కర్మాగారాలు వచ్చాయి.

నోకియా ఒంటరిగా రాలేదు. ఛార్జర్లు, విడిభాగాలు చేసే సంస్థలు దాని పక్కనే వెలిశాయి. ఒక దశలో నోకియాలోనే దాదాపు 8,000 మంది నేరుగా పనిచేశారు. వారిలో అధికులు పల్లెల నుంచి వచ్చిన యువతులు. వారి జీతంతోనే ఇంటి అప్పులు తీరేవి, తమ్ముళ్ల, చెల్లెళ్ల చదువులు సాగేవి.

2013లో ఆదాయపు పన్ను శాఖ రూ.2,000 కోట్లకు పైగా బకాయి కట్టాలంది. ఆస్తులు జప్తులో ఉండటంతో, 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్న మైక్రోసాఫ్ట్‌కు ఈ కర్మాగారం బదిలీ కాలేదు. స్మార్ట్‌ఫోన్ల పోటీలో నోకియా అప్పటికే వెనకబడింది. వేలమంది స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. నవంబర్ 1న ఉత్పత్తి ఆగింది. దాని ఆర్డర్లపై ఆధారపడిన ఫాక్స్‌కాన్ యూనిట్ కూడా డిసెంబరులో మూతపడింది. కంపెనీ చేతులు మారింది ఫిన్లాండ్, అమెరికాల మధ్య ఒప్పందంతో. వీధిన పడింది ఇక్కడి కార్మికులు.

ఉద్యోగాలు మళ్లీ వచ్చాయి. ఫాక్స్‌కాన్ ఇప్పుడు అక్కడ ఐఫోన్లు తయారుచేస్తోంది. కానీ కార్మికుల్లో చాలామంది కాంట్రాక్టు ఏజెన్సీల ద్వారా చేరి, హాస్టళ్లలో ఉండేవారే. 2021 డిసెంబరులో హాస్టల్ భోజనం తిని పలువురు అస్వస్థతకు గురవడంతో మహిళలు రహదారిపై బైఠాయించారు. కొన్ని వసతి గృహాలు, భోజనశాలలు ప్రమాణాలకు తగినట్టు లేవని యాపిల్ అంగీకరించింది. 2024లో శామ్‌సంగ్ కార్మికులు యూనియన్ గుర్తింపు కోసం నెలకు పైగా సమ్మె చేశారు.

ఈ అనుభవం తెలుగువారికి దూరమైనది కాదు. రాష్ట్ర సరిహద్దులోని శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ షావోమీ ఫోన్ల తయారీ ప్రారంభించింది. అక్కడా మహిళలే ప్రధాన శ్రామికశక్తి.

భూమి, పన్ను రాయితీలు ఇచ్చే ప్రభుత్వాలు ఒప్పందం రోజున ఉద్యోగాల సంఖ్యను ప్రకటిస్తాయి. అందులో శాశ్వత ఉద్యోగాలెన్ని, కాంట్రాక్టువెన్ని? కంపెనీ వెళ్లిపోతే కార్మికుల పరిహారానికి పూచీ ఎవరిది? నేర్చుకున్న నైపుణ్యం మరోచోట అక్కరకొస్తుందా? ఈ మూడింటికీ జవాబు ఒప్పంద పత్రంలోనే ఉండాలి. కర్మాగారం మూతపడ్డాక అడిగితే వినేవారుండరు.