విద్యుత్తుకు తూనిక

పొయ్యిలోని కట్టెలు, ప్రమిదలోని నూనె కంటికి కనబడుచు తరుగును. విద్యుత్తు తరుగుట ఎవరికిని కనబడదు. నెలాఖరున వచ్చు బిల్లు ఇంటి మొత్తపు వాడకమును చెప్పునే గాని, అందులో రిఫ్రిజిరేటరు పాలెంత, టెలివిజను పాలెంత అన్నది చెప్పదు. అది తెలిసికొనుటకై గోడ సాకెట్టునకును పరికరమునకును నడుమ అమర్చు చిన్న ప్లగ్గు మీటర్లు నేడు దొరకుచున్నవి. మీటర్లు క్రొత్తవైనను, అవి తీర్చు సందేహము విద్యుత్తు అమ్మకమంత పాతది.

1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కులోని పెర్ల్ వీధి కేంద్రమునుండి ఎడిసన్ కంపెనీ దీపములకు విద్యుత్తు నందించుట మొదలుపెట్టెను. అమ్మిన సరుకును కొలుచుట ఎట్లు? ఎడిసన్ దానిని తూకము వేయించెను. జింకు సల్ఫేటు ద్రావణము పోసిన సీసాలో రెండు జింకు పలకలుండును. ఇంటికి పోవు ప్రవాహములో నిర్ణీతమైన స్వల్ప భాగము మాత్రమే ఆ ద్రావణముగుండా పోవును. ఒక పలకనుండి జింకు కరగి రెండవదానిపై చేరును. ఒక ఆంపియరు ప్రవాహము గంటసేపు సాగినచో చేరు జింకు సుమారు 1.22 గ్రాములని ఫారడే నియమములనుబట్టి లెక్కకట్టవచ్చును. నెలకొకసారి కంపెనీవారు పలకలను తీసికొనిపోయి, త్రాసులో తూచి బిల్లు వ్రాసెడివారు. చలికాలమున ద్రావణము గడ్డకట్టకుండ పెట్టెలో ఒక దీపము నుంచిరి; చలికి వంగు లోహపు పట్టీ దానిని వెలిగించెడిది. ఉపాయము చమత్కారమైనదే. కాని కొనువాడు చదువుకొనుటకు అందులో ఒక్క అంకెయు లేదు. త్రాసు అమ్మువాని చేతిలోనే యుండెను.

సందేహించినవారిలో జె. పి. మోర్గాన్ ఒకడు. ఎడిసన్‌కు పెట్టుబడి సమకూర్చినవారిలో అతడును ఉండుట విశేషము. తన కార్యాలయపు మీటరు సరిగా లేదని అతడు అనుమానింపగా, ఎడిసన్ ప్రతి దీపమువద్దను ఒక చీటీ కట్టించి, వెలిగించిన వేళను, ఆర్పిన వేళను వ్రాయించెనని 1910లో వెలువడిన అతని జీవితచరిత్ర చెప్పుచున్నది. చీటీల మొత్తము బిల్లుకంటె తక్కువ వచ్చెను. తీరా విచారింపగా, ఊడ్చి శుభ్రముచేయు పనివాడు వెలిగించుకొన్న దీపములు చీటీలకెక్కలేదని తేలెను. వానిని కలుపగా లెక్క సరిపోయెను. ఆ చీటీలే నేటి ప్లగ్గు మీటరునకు తాతలనవచ్చును.

అయితే సీసా కొలిచినది విద్యుదావేశమును మాత్రమే. వోల్టేజి మారక, ప్రవాహము ఒకే దిశగా పోవునంతకాలము అది చాలును. ఏకాంతర ప్రవాహము వచ్చుటతో సీసా పనికిరాకపోయెను. దిశ మారినపుడెల్ల చేరిన జింకు తిరిగి కరగును గదా. 1888లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇంజనీరు షాలెన్‌బర్గర్, ఆర్కు దీపములో జారిపడిన స్ప్రింగు తనంతట తిరుగుట గమనించి, ఏకాంతర ప్రవాహమునకు తగిన మీటరును నిర్మించెను. అదియు ఆంపియరు-గంటలనే లెక్కించెడిది.

ఇచట అసలు చిక్కున్నది. మోటార్లలో, చోకులలో ప్రవాహము వోల్టేజికంటె వెనుకబడును. చోకు గల పాత ట్యూబులైటు 230 వోల్టులవద్ద సుమారు 0.4 ఆంపియర్లు తీసికొనును. గుణించిన 92 వచ్చును. అది వాడు సామర్థ్యము మాత్రము దాదాపు 50 వాట్లే. ఆంపియర్లను మాత్రమే లెక్కించినచో కొనువాడు వాడని శక్తికి వెల చెల్లించును. 1889లో బుడాపెస్టు నగరపు గాంజ్ కర్మాగారములో ఒట్టో బ్లాతీ నిర్మించిన మీటరు ఈ దోషమును తొలగించెను. అందు వోల్టేజి చుట్ట, ప్రవాహపు చుట్ట కలిసి లోహపు బిళ్లను సామర్థ్యమునకు తగినట్లు త్రిప్పును. అయస్కాంతము వేగమునకు తగినట్లు దానిని ఆపజూచును. కనుక బిళ్ల చుట్లను లెక్కించిన శక్తి తెలియును. మొదటి మీటరు బరువు 23 కిలోగ్రాములు! 1914 నాటికి అది 2.6 కిలోగ్రాములకు తగ్గెను.

ప్లగ్గు మీటరులో తిరుగు బిళ్ల లేదు. అది వోల్టేజిని, ప్రవాహమును సెకనుకు అనేకమారులు కొలిచి, ఏ క్షణపు విలువలను ఆ క్షణమే గుణించి సగటు తీయును. దానిని ఎన్నుకొనునపుడు మొట్టమొదట చూడవలసినది ఇదే: అది నిజమైన వాట్లను చూపునా, లేక వోల్టు-ఆంపియర్లను మాత్రమే చూపునా? రెండవదైనచో అది షాలెన్‌బర్గర్ కాలమునకు పోయినట్లే. గీజరు వంటి వానికి 16 ఆంపియర్ల సాకెట్టునకు తగినది కావలెను. స్వల్ప భారమును కూడ అది పట్టవలెను; ఎల్లవేళల 5 వాట్లు లాగు పరికరము ఏడాదికి 43.8 యూనిట్లు తినును. రిఫ్రిజిరేటరు ఆగుచు నడచుచు ఉండును గావున, ఒక్క క్షణపు వాట్లు చూచిన లాభము లేదు. కనీసము 24 గంటలు కొలువవలెను.

సీలింగు ఫానునకు ప్లగ్గు లేదు గదా, దానిని కొలుచుటెట్లు? తక్కినవన్నియు ఆపి, ఇంటి మీటరు మీది ఎఱ్ఱని దీపపు మిణుకులను లెక్కించిన సరి. యూనిట్టుకు 3200 మిణుకులని మీటరుపై వ్రాసియున్నచో, నిమిషమునకు 8 మిణుకులనగా 150 వాట్లు.