ఎపర్చర్, ఫోకస్

లెన్స్ గుండా కెమెరాలోకి వెలుగు వచ్చే రంధ్రం ఎపర్చర్. ఎంత దూరంలో ఉన్నది స్పష్టంగా పడాలో తేల్చే సర్దుబాటు ఫోకస్. ఫొటో చూసేవారి కన్ను ఎక్కడ ఆగాలో చాలావరకు ఈ రెండే నిర్ణయిస్తాయి.

కొలత

లెన్స్ నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగిస్తే ఎఫ్ సంఖ్య వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. రంధ్రం ఉంటే అది ఎఫ్/2. సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 వరుసలో మెట్టు మెట్టుకూ వెలుగు సగమవుతుంది. అందుకు తగ్గట్టు షటర్‌ను రెట్టింపు సేపు తెరవాలి, లేదా ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) పెంచాలి.

డెప్త్ ఆఫ్ ఫీల్డ్

ఫోకస్ చేసిన చోటికి ముందూ వెనకా కొంతమేర స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ మేరే డెప్త్ ఆఫ్ ఫీల్డ్. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. లెన్స్‌తో 2 మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే, ఎఫ్/2లో అది సుమారు 20 సెం.మీ., ఎఫ్/8లో సుమారు 80 సెం.మీ. దగ్గరికి జరిగితే ఇంకా తగ్గుతుంది. చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదు. పోర్ట్రెయిట్ మోడ్‌లో నేపథ్యాన్ని మసకబరిచేది సాఫ్ట్‌వేరే.

పొలంలో వాడుక

జహీరాబాద్ ప్రాంతంలోని న్యాల్‌కల్ జొన్నచేలో ఒక్క కంకిని చూపాలంటే ఎఫ్/2.8 చాలు. దగ్గరి గింజలపై ఫోకస్ పెట్టి, గాలి ఆగినప్పుడు తీయాలి. చేను మొత్తం కావాలంటే 28 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/11కు తెచ్చి 2.4 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, 1.2 మీటర్ల నుంచి దిగంతం దాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్/16 దాటితే వివర్తనం (చిన్న రంధ్రం అంచుల వద్ద వెలుగు వంగడం) వల్ల పదును తగ్గుతుంది. ముఖం తీసేటప్పుడు కెమెరాకు దగ్గరున్న కంటిపై ఫోకస్ పెట్టాలి.

జహీరాబాద్ మహిళల కెమెరా

1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్, న్యాల్‌కల్, ఝరాసంగం ప్రాంతాల్లో దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేస్తోంది. చదువు రాని మహిళలు సైతం ఇక్కడ వీడియో కెమెరా నేర్చి, కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ద్వారా తమ సేద్యంపై చిత్రాలు తీశారు. హుమ్నాపూర్ లక్ష్మమ్మ వారిలో ఒకరు. సంఘంలో అందరూ సమానం కాబట్టి, కంటి ఎత్తులో తీసే దృశ్యానికి వారు ‘సంఘం షాట్’ అని పేరు పెట్టుకున్నారు. కెమెరా ఎత్తు ఒక వైఖరి అని వారు గుర్తించారు. ఎపర్చర్ ఎంపికా అంతే. సొసైటీ జరిపే పాత పంటల జాతరలో విత్తనాల బండి ముందు నిలిచిన మహిళా రైతును 50 మి.మీ. లెన్స్‌తో 3 మీటర్ల నుంచి ఎఫ్/2లో తీస్తే ఆమె ఒక్కతే స్పష్టంగా నిలుస్తుంది. ఎఫ్/8లో అయితే ఆమెతోపాటు మీటరు వెనకున్న విత్తనాలూ స్పష్టంగా వస్తాయి. ఆమె కాపాడిన విత్తనం గురించి చెప్పే ఫొటోకు ఎఫ్/8 సరైనది.