స్విండన్ రైల్వే కార్మికుల ఇళ్ళు

నేను కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాణ్ణి. మా నాన్నగారు లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేశారు. ఆయన రిటైరయ్యాక, ఇచ్చిన గడువులోగా ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి అప్పగించి వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. అందుకేనేమో, ఉద్యోగరీత్యా ఇంగ్లండులోని స్విండన్‌కి వచ్చిన కొత్తలో, స్టేషనుకి కూతవేటు దూరంలో వరసగా నిలబడ్డ పాత రాతి ఇళ్ళని చూడగానే, ఇవి రైల్వేవాళ్ళ ఇళ్ళేనని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. లండన్ నుంచి బ్రిస్టల్ వైపు రైలెక్కే మన మిత్రులు ఎందరో ఈ ఊరు దాటిపోతుంటారు. దిగి చూసేవాళ్ళు తక్కువ. వారికోసమే ఈ నాలుగు మాటలు.

పొలాల మధ్య కొత్త ఊరు

లండన్ - బ్రిస్టల్ మధ్య గ్రేట్ వెస్టర్న్ రైల్వే లైను 1841లో పూర్తయింది. చీఫ్ ఇంజనీరు ప్రఖ్యాత బ్రూనెల్. ఇంజన్ల బాధ్యత చూసే డేనియల్ గూచ్‌కి అప్పటికి పాతికేళ్ళయినా నిండలేదు. ఇంజన్ల మరమ్మత్తుకి వర్క్‌షాపు స్విండన్‌లో పెడితే మేలని 1840లో అతనే సూచించాడు. లండన్‌లోని పాడింగ్టన్ నుంచి స్విండన్‌కి 77 మైళ్ళు. గ్లాస్టర్ వైపు లైను చీలేది ఇక్కడే. పైగా ఇక్కడిదాకా దాదాపు చదునైన దారి. ఇక్కణ్ణుంచి పడమటికి వాలు ఎక్కువ. కాబట్టి ఇంజన్ మార్చుకోవడానికి అనువైన చోటు.

1843 జనవరిలో వర్క్‌షాపు పని మొదలయింది. అయితే స్విండన్ అప్పటికి కొండమీది చిన్న సంత ఊరు మాత్రమే. దూరప్రాంతాల నుంచి వచ్చిన పనివాళ్ళకి తలదాచుకునే చోటేదీ?

కాఫీ డబ్బుతో కట్టిన ఇళ్ళు

కంపెనీ చేతిలో డబ్బు లేదు. అందుకని లండన్ కాంట్రాక్టర్లు రిగ్బీ సోదరులతో ఒక ఒప్పందం చేసుకుంది. వాళ్ళు స్టేషనూ, 300 ఇళ్ళూ సొంత ఖర్చుతో కట్టాలి. బదులుగా ఇళ్ళ అద్దెలూ, స్టేషనులోని ఫలహారశాల లాభాలూ వాళ్ళవే. ఆ వ్యాపారం సాగాలి కనుక రైళ్ళన్నీ అక్కడ సుమారు పది నిమిషాలు ఆగి తీరాలి! తొందరలో వేడి కాఫీ గుటకలేసిన ప్రయాణికుల డబ్బు కూడా ఈ గోడల్లో ఉందన్నమాట. ఆ షరతు వదిలించుకోవడానికి కంపెనీకి 1895 దాకా పట్టింది. అందుకు చెల్లించిన మొత్తం లక్ష పౌన్లు.

ఇంటి తీరు

వీధులకి ఆ లైను వెళ్ళే ఊళ్ళ పేర్లు పెట్టారు. పడమటి వైపు బ్రిస్టల్, బాత్, ఎక్సెటర్, టాంటన్. తూర్పు వైపు లండన్, ఆక్స్‌ఫర్డ్, రీడింగ్, ఫారింగ్డన్. వీటిలో బాత్ వీధిని ఇప్పుడు బాథాంప్టన్ వీధి అంటారు.

ఇళ్ళు రెండంతస్తులవి, సున్నపురాతితో కట్టినవి. ముందు చారెడు తోట, వెనక చిన్న పెరడు, అందులోనే మరుగుదొడ్డి. రెండు వరసల పెరళ్ళ మధ్య సన్నని సందు. స్థానికులు ఈ సందుల్ని 'బ్యాక్సీస్' అంటారు. పట్టాల వైపున్న ఇళ్ళకి కొంచెం సోకు ఎక్కువ. రైల్లోంచి చూసేవాళ్ళకి కంపెనీ గొప్ప కనిపించాలి కదా!

లోపలికెళితే కథ వేరు. అన్నిటికన్నా చిన్న ఇళ్ళలో కింద ఒక గది, పైన ఒక గది. అంతే. అందులోనే భార్యాభర్తలు, పిల్లలు, అద్దెకి కలిసొస్తుందని పెట్టుకున్న మరో మనిషి. ఒంటరి పనివాళ్ళకోసం కోటలాంటి పెద్ద వసతిగృహం కూడా కట్టారు గానీ అది వాళ్ళకి నచ్చలేదు. చివరికి 1869లో ప్రార్థనామందిరంగా మారింది.

గోడలు కంపెనీవి, బతుకు తమది

1847లో మాంద్యం వచ్చి చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఆ ఏడాది చివర్లోనే వైద్యనిధి సంఘం ఏర్పడింది. జీతంలోంచి వారం వారం కొద్ది మొత్తం పట్టుకుంటే, కుటుంబమంతటికీ డాక్టరూ మందులూ. తర్వాతి కాలంలో ఒక చిన్న ఆసుపత్రి, 1892లో స్నానశాలలు, ఈత కొలను కూడా వచ్చాయి. పనివాళ్ళే పెట్టుకున్న మెకానిక్స్ ఇన్‌స్టిట్యూషన్‌కి 1855లో సొంత భవనం లేచింది. గ్రంథాలయం, నాటకాలు, ఉపన్యాసాలు, అన్నీ అక్కడే.

ఈ వైద్యనిధి 1948లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమయ్యేదాకా నడిచి అందులో కలిసిపోయింది. ఆ సేవలో ఈనాడు పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లు ఎందరో! దానికి పూర్వరూపాల్లో ఒకటి ఈ సందుల్లోనే పుట్టిందని వారికి తెలిస్తే సంతోషిస్తారు.

ఇప్పుడు

ఒకప్పుడు 14 వేలమంది దాకా పనిచేసిన ఆ వర్క్‌షాపు 1986లో మూతపడింది. ఇళ్ళని అంతకుముందే, 1960లలో, స్థానిక కౌన్సిల్ కొని మరమ్మత్తు చేయించింది. ఇప్పటికీ వాటిల్లో కుటుంబాలున్నాయి. మెకానిక్స్ భవనం మాత్రం వర్క్‌షాపు పోయాక ఏళ్ళతరబడి ఖాళీగా శిథిలమవుతూ వచ్చింది. వర్క్‌షాపులో కొంత భాగం 2000లో 'స్టీమ్' మ్యూజియం అయింది. ఫారింగ్డన్ రోడ్డులోని 34వ నంబరు ఇంటిని 1900 నాటి సామానుతో, గ్యాసు దీపాలతో అలాగే కాపాడారు. సందర్శకుల్ని ఏ రోజుల్లో రానిస్తారో ముందుగా కనుక్కుని వెళ్ళండి.

నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఇంటికి తీసుకెళ్ళాను. వంటింట్లో పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డారు. బయటికొచ్చాక, "ఎక్కడైనా అంతేరా, ఇల్లు రైల్వేది, ఇరుగుపొరుగు మనది" అన్నారు. కాజీపేటలో తాళంచెవి ఇచ్చేసి వచ్చిన రోజున ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆనాడు దాచుకున్న మాట ఇదేనేమో.