చిన్న ఇంజను, పెద్ద పరుగు



పసుపు చేల బావులపై ఆయిలింజను నీరు తోడిన కాలము మన ఆర్మూరు పెద్దలకు జ్ఞప్తియే. పనికై పుట్టిన చిన్న యంత్రము పందెమున కెట్లు పరుగెత్తెనో నేడు మనవి చేసెదను.

1956వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియాయందు పందెపుకార్లు కట్టు ఆర్ట్ ఇంగెల్స్, మిత్రుడు లూ బొరెల్లితో గూడి, ఇనుప గొట్టముల చట్రమునకు నాలుగు చిన్న చక్రములు తగిల్చి, పచ్చిక కోయు యంత్రపు ఇంజనును వెనుక నమర్చెను. అదియే కార్టు. 1959లో మెకల్లక్ కంపెనీ చెట్లు కోయు రంపపు ఇంజనును కార్టులకై దిద్ది విక్రయించెను. 1962లో అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఈ పందెములకు ప్రత్యేక సంఘమును నెలకొల్పెను.

దిద్దుట యెట్లు? టూస్ట్రోక్ ఇంజనులో పొగ వెడలు ద్వారము సిలిండరు గోడయందే యుండును. దాని పై అంచును ఆకురాయితో కొంచెము పైకి రాచినచో వడిగా తిరుగునపుడు బలము హెచ్చును. మెల్లగా తిరుగునపుడు తగ్గును. సిలిండరు హెడ్డును అరగదీసినచో ఒత్తిడి పెరుగును, వేడియు పెరుగును. ఒకటి పొందవలెనన్న వేఱొకటి విడువవలెను.

ముఖ్యభేదము గవర్నరునం దున్నది. చేని ఇంజనుకు అది కళ్లెము. బరువు తగ్గినను వేగము మితిమీరనీయదు. పందెగాడు దానిని తొలగించి, కళ్లెమును తన పాదము క్రింద నుంచుకొనును. ఆ వేగమునకు తాళగల లోపలి భాగములను గూడ అమర్చుకొనును. ఈ రెండవది యెఱుగక పొలపు ఇంజనుకు గవర్నరు ఊడదీయు కుఱ్ఱవానిని వారింపుడు. వేగము మించిన కనెక్టింగు రాడ్డు విరుగవచ్చును, ఫ్లైవీలు పగులవచ్చును. ప్రక్కనున్నవాని ప్రాణమునకే ముప్పు.

నేర్వవలదని నా మాట గాదు. కుఱ్ఱవానిని ఆకురాయి పట్టనీయుడు; అంతకుముందు కొలత నేర్పింపుడు.